కాందిశీకుని వ్యాధి యెక్కడ పుట్టును?

ప్రాణములు దక్కించుకొనుటకై దేశము విడిచి పాఱిపోయి వచ్చినవానికి మన భాషలో కాందిశీకుడను పేరు కలదు. సంస్కృతమునుండి వచ్చిన యీ మాటకు "ఏ దిక్కునకు పోదును?" అని యడుగుచు పరుగెత్తువాడని పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. ఆ పేరు పెట్టినవారు వాని కులమును గాని, వాడు కోలుపోయిన పొలమును గాని లెక్కింపక, వాని నోటి ప్రశ్ననే వానికి పేరుగ నుంచిరి. సరిహద్దు దాటి, కప్పు క్రింద తల దాచుకొని, గంజి త్రాగిననాడే ఆ ప్రశ్న తీరిపోవునని మనము తలంతుము. పదియేండ్లు శిబిరములో కూర్చుండియు అదే ప్రశ్న నడుగుచు వచ్చినవారు లక్షలకొలది కలరు. వారి దేహమునకును మనస్సునకును కలిగిన వ్యాధులలో ఎన్ని పాఱిపోయి వచ్చుటవలన కలిగినవి, ఎన్ని వచ్చిన చోట బ్రతికిన బ్రతుకువలన కలిగినవి అను విషయమును చరిత్ర సహాయముతో విచారింప నెంచినాము.

ఈ విచారణ వట్టి పాండిత్యమునకై చేయుట లేదు. కాందిశీకులపై లోకము మోపు నిందలు రెండు. వారు రోగములను వెంట తెత్తురనునది మొదటిది. ఒకరు పెట్టిన తిండికి అలవాటుపడి సోమరులగుదురనునది రెండవది. 1947లో దేశము విభక్తమైన తరువాత తూర్పు బెంగాలునుండి వచ్చినవారిపై ఈ రెండవ నింద మిక్కుటముగ పడెను. పంజాబువారు కష్టపడి నిలదొక్కుకొనిరనియు, బెంగాలువారు ఏడ్చుచు చేయి చాచిరనియు చదువుకొన్న యిండ్లలో సైతము అనుకొనుచుండిరి. ఒక జాతి స్వభావముపై తీర్పు చెప్పుటకు ముందు ఆ జాతికి జరిగిన మర్యాద యెట్టిదో తెలిసికొనుట న్యాయము గదా!

ఊరు విడిచినవానికి మనోవ్యాధి కలుగునను మాట వైద్యశాస్త్రమునకు క్రొత్త కాదు. 1688లో స్విట్జర్లాండునందలి బాసెలు నగరమున యొహానెస్ హోఫరు అను యువకుడు తన వైద్యవిద్యా వ్యాసమునందు ఈ వ్యాధికి నోస్టాల్జియా అని పేరు పెట్టెను. మరలిపోవుట, నొప్పి అను నర్థములు గల రెండు గ్రీకు పదములను జోడించి కల్పించిన మాట యిది. నిద్ర రాకుండుట, ఆకలి చచ్చిపోవుట, గుండె దడదడలాడుట, విడువని చింత దీని లక్షణములు. పరదేశములలో కూలికి కత్తిపట్టిన స్విస్సు సైనికులలో ఈ వ్యాధి ప్రబలముగ నుండెననియు, రోగిని స్వగ్రామమునకు పంపుటయే మందనియు ఆ కాలపు వైద్యులు తలంచిరి. ఇంటిని తలచి కృశించిన సైనికునకు ఆ మందు సరిపోవును. ఇల్లు తగులబడినవానికి, గ్రామము పరాయి రాజ్యమైనవానికి ఏమి మందు? ఒకే గ్రామమునుండి ఒకే రాత్రి బయలుదేరిన రెండు కుటుంబములలో ఒకటి కొన్నేండ్లకు కోలుకొనుచున్నది, మఱియొకటి కృశించుచున్నది. వారు విడిచినది ఒక్కటే, చేరినది వేఱు. కావున చేరిన చోటును పరీక్షింపవలసియున్నది.

మొదట దారిని గూర్చి ఒక మాట చెప్పుదుము. దారిలోని కష్టము తక్కువదని మా యభిప్రాయము కాదు. తెలుగువారికిది పరాయి కథయు కాదు. కోరంగి రేవునుండి ఓడలెక్కి తరతరములుగ బర్మాకు పోయిన మన కూలీలను అక్కడివారు కోరంగీలనియే పిలిచెడివారు. రంగూను రేవులో బరువులు మోసినవారిలో తెలుగువారు అనేకులు. 1931 జనసంఖ్యలో ఆ నగరవాసులలో సగమునకు పైగా భారతీయులే. 1941 డిసెంబరు 23న జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేయగా మన జనము దిక్కుతోచక పరుగెత్తిరి. కొందఱు టౌంగుప్ కనుమ దాటి అరకాను తీరమునకును, కొందఱు తాము మీదుగ మణిపురమునకును, కడపట మిగిలినవారు హుకాంగు లోయలోని బురదలలో పడి అస్సామునకును నడచిరి. వచ్చినవారు సుమారు ఐదు లక్షలు. వాంతిభేది, జిగట విరేచనములు, చలిజ్వరము వేలకొలది ప్రాణములను త్రోవలోనే హరించెను. ఆ నడకను గూర్చి అనేకులు వ్రాసిరి. నడక ముగిసిన తరువాతి సంవత్సరములను గూర్చి వ్రాసినది తక్కువ. 1960 తరువాత బర్మాలో వర్తకములు ప్రభుత్వపరమైనప్పుడు మఱల మనవారు వేలకొలదిగ తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేటపేరు ఇప్పటికిని వినబడుచున్నది. మనుష్యులు స్థిరపడి మూడు తరములైనను చోటునకు శిబిరమను పేరు పోకుండుట గమనింపదగినది.

ఇక విభజన కథకు వత్తము. కోటిమందికి పైగా ఇటునటు దేశములు మాఱిన ఆ మహాప్రళయములో పంజాబు భాగము మిక్కిలి రక్తపాతముతోను, మిక్కిలి వేగముగను జరిగిపోయెను. కొలది మాసములలోనే అక్కడివారిక్కడికి, ఇక్కడివారక్కడికి పోయిరి. వారు మరలిపోవుట కల్ల యని ప్రభుత్వము మొదటనే గ్రహించెను. విడిచిపోయినవారి భూములును ఇండ్లును వచ్చినవారికి పంచి, పోయిన యాస్తికి పరిహార మిచ్చుటకు 1954లో శాసనము చేసెను. 1948లో ఎస్. కె. డే గారు కురుక్షేత్ర శిబిరములోని కాందిశీకులను వెంటబెట్టుకొని నీలోఖేరి యను బురదనేలపై ఒక పట్టణమును నిర్మింపజేసిరి. వాయవ్య సరిహద్దు రాష్ట్రమునుండి వచ్చినవారు ఫరీదాబాదునందు తమ యిండ్లను తామే కట్టుకొనిరి. కమలాదేవీ చట్టోపాధ్యాయ గారి సహకార సంఘము వారికి చేయూత నిచ్చెను. దుఃఖము వీరికిని తక్కువ కాదు. కండ్లయెదుట కన్నవారిని నఱకగా చూచినవారు వీరిలో ననేకులు. అయినను తెల్లవాఱగానే లేచి పోవుటకు వారికొక పని యుండెను; పని చేసినచోట తనదని చెప్పుకొనుటకు ఒక గోడ లేచుచుండెను.

బెంగాలు కథ వేఱు. అక్కడ వలస ఒక్క యేడాదితో ముగియలేదు. 1948లో కొందఱు, 1950 నాటి అల్లరులలో లక్షలకొలది, 1952లో రాకపోకలకు పాసుపోర్టులు వచ్చునను భయముతో కొందఱు, 1964లో మఱల అనేకులు, ఇట్లు కెరటము వెనుక కెరటముగ వచ్చిరి. 1950 ఏప్రిలులో నెహ్రూ గారును లియాకత్ అలీ ఖాను గారును చేసికొనిన యొడంబడికవలన వీరు మరలిపోవుదురని పాలకులు ఆశించిరి. మరలిపోవువారికి ఇల్లెందుకు, పొలమెందుకు? తాత్కాలికముగ తిండి చాలును. ఆ తలంపువలన పంజాబువారికి లభించిన యాస్తి పరిహారము వీరికి లభింపలేదు. కలకత్తాలోని సియాల్దా స్టేషను వేదికలపై కుటుంబములు మాసములకొలది పడియుండెను. రాణాఘాటు నొద్ద కూపర్స్ క్యాంపు, నదియా జిల్లాలో ధుబులియా మొదలగునవి యుద్ధకాలమున సైన్యమునకై కట్టినవి. వానిలో ఒక్కొక్క పాకలో అనేక కుటుంబములను గోనెపట్టాలు అడ్డుగట్టి కాపురముంచిరి. కొలదిపాటి భత్యమిచ్చి, రేపేమగునో చెప్పక, ఎవరి నెక్కడికి పంపుదురో తెలియనీయక, సంవత్సరములు గడపిరి.

ఆ శిబిరములలో ఒక తరగతికి పెట్టిన పేరు చదువరులు మఱవకుందురుగాక. పెద్ద కొడుకులు లేని వితంతువులను, వృద్ధులను, అంగహీనులను చేర్చిన శిబిరములకు సర్కారు కాగితములలో "శాశ్వతభారము" అను నర్థమిచ్చు నింగ్లీషు పేరు పెట్టబడెను. నిన్నటివఱకు నలుగురికి అన్నము పెట్టిన గృహిణి, నేడు భారమను పట్టికలో ఒక సంఖ్య. ప్రతిదినము పలుచని గంజి త్రాగుట దేహమునకు హాని. భారమని పిలువబడుచు ఆ గంజి త్రాగుట మనస్సునకు హాని. రెండవ హానిని ఏ వైద్యుడును వ్రాసి పెట్టలేదు.

ఇదే కాలమున ఇదే జనములో కొందఱు మఱియొక దారి త్రొక్కిరి. కలకత్తాకు దక్షిణమున ఖాళీగ పడియున్న నేలలను ఆక్రమించి వాసములు పాతి, విజయగఢ్, ఆజాద్‌గఢ్ మొదలగు పేరులతో కాలనీలు వెలయించిరి. 1950 నాటికే ఇట్టివి నూటికి పైగా లేచెను. బాటలను వారే వేసికొనిరి. పాఠశాలలను వారే స్థాపించి, సంఘములు పెట్టుకొని చందాలతో నడపిరి. ఆ నేలల యజమానులకు నష్టము కలిగెననియు, ఆ పనిని చట్టము సమ్మతింపలేదనియు మేమెఱుగుదుము. అక్కడ మురికికాలువలును, జ్వరములును లేకపోలేదు. మేము చూపదలచినది ఒక్కటే. పాకలో కూర్చుండి సోమరియని పిలువబడినవాడును, కాలనీలో బడి కట్టినవాడును ఒకే జిల్లావారు, ఒకే భాషవారు, పలుతావుల ఒకే యింటివారు. కావున సోమరితనము జాతిలక్షణమను మాట నిలువజాలదు. అది శిబిరములో పుట్టిన వ్యాధి. చేతికి పని లేక, మాటకు విలువ లేక, రేపటికి ఆకారము లేక యున్న మనుష్యుడు కొన్నాళ్లకు చేయి కదల్పలేని స్థితికి వచ్చును. దానిని మనము బద్ధకమనుచున్నాము. నేటి వైద్యులు అనేక సందర్భములలో దానిని విషాదరోగమందురు.

కాలనీలలో సైతము ఆ భారమును సమానముగ మోయలేదు. ఉద్యోగము దొరకని తండ్రులు ఇంట కూర్చుండగా, చదువుకొన్న కూతుండ్రు మొట్టమొదటిసారి గడప దాటి బడులలోను కచేరీలలోను పనికి కుదిరిరి. దీనివలన బెంగాలు స్త్రీలకు స్వాతంత్ర్యము లభించెనని పలువురు వ్రాసిరి, నిజమే. ఆ స్వాతంత్ర్యమునకు కొందఱు చెల్లించిన వెలను 1960లో ఋత్విక్ ఘటక్ గారు మేఘే ఢాకా తారా యను చలనచిత్రమున చూపిరి. కాందిశీక కుటుంబములోని పెద్దకూతురు నీత అందఱి చదువులను, అందఱి కోరికలను తన జీతముతో తీర్చి, తుదకు క్షయరోగమున చిక్కి కొండలమీది ఆసుపత్రికి చేరును. ఆమె దేహమునకు పట్టిన రోగమునకు వలస ప్రత్యక్ష కారణము కాదు. ఆమె సంపాదనను తిని ఆమె దగ్గును వినని యింటివారు కారణము. గృహమునందలి సంస్కారము లేనిదే కాందిశీకుల యారోగ్యమును గూర్చి సర్కారు చేయు మేలు సగముతో నిలిచిపోవునని దీనివలన తెలియుచున్నది.

శిబిరవాసులకు 1958 తరువాత చూపిన దిక్కు దండకారణ్యము. ఒడిషాలోని కోరాపుట్టు, అప్పటి మధ్యప్రదేశములోని బస్తరు ప్రాంతములలో, మన తెలుగునేలకు పొరుగుననే, అడవులు కొట్టి వారికి గ్రామము లేర్పఱచిరి. ఆ మన్యపు జ్వరమెట్టిదో గోదావరి, విశాఖ జిల్లాలవారికి చెప్పనక్కఱలేదు. నదులలో పుట్టి, పడవలపై పెరిగి, వరియు చేపయు తిని బ్రతికినవారిని వానకై ఎదురుచూచు ఎఱ్ఱనేలపై దింపిరి. ఇచ్చిన భూములు పలుచోట్ల కుటుంబమును పోషింపజాలనివని ఆ సంస్థకు అధ్యక్షులుగ నుండిన శైబాల్ కుమార్ గుప్తా గారే 1965లో ప్రకటించిరి. తరతరములుగ ఆ యడవినే నమ్ముకొనిన ఆదివాసులకు ఈ నిర్ణయములో మాట లేకపోయెను, వచ్చినవారికిని లేకపోయెను. ఒకరి నేలను ఒకరికి ఇచ్చి యిద్దఱిని పేదలుగ నుంచుట పునరావాసమనిపించుకొనదు.

1978లో ఆ గ్రామములనుండి వేలకొలది కుటుంబములు ఉన్నది అమ్ముకొని బెంగాలునకు తిరుగుముఖము పట్టెను. వారిలో సుమారు ముప్పది వేలమంది సుందరవనములలోని మరిచ్‌ఝాపి ద్వీపమును చేరి, సర్కారు సాయ మడుగక, బడి, చేపల చెరువులు, రొట్టెల పొయ్యి, చిన్న వైద్యశాల ఏర్పఱచుకొనిరి. ఇరువదియేండ్లు సోమరులని పేరుపడినవారు చేసిన పని యిది. అది రక్షిత వనమని ప్రభుత్వము 1979 జనవరిలో పోలీసు పడవలతో ద్వీపమును చుట్టుముట్టి, తిండిగింజలను, త్రాగునీటిని అడ్డగించెను. మే నెలలో పాకలను తగులబెట్టి అందఱిని తరిమివేసెను. తుపాకీ గుండ్లకు తోడు ఆకలియు, చెడునీటి రోగములును ప్రాణములు తీసెను. చచ్చినవారెందఱో నేటికిని వివాదమే. వారు తెచ్చుకొన్న రోగము కాదది. అన్నమును నీటిని ఆపి కలిగించిన రోగము.

కాందిశీకుడు రోగములను తెచ్చునను మొదటి నిందను 1971 నాటి కథ పరిష్కరించును. ఆ సంవత్సరము మార్చిలో తూర్పు పాకిస్తానమున సైన్యము ప్రారంభించిన మారణకాండనుండి తప్పించుకొని సుమారు కోటిమంది మన దేశము చేరిరి. వానకాలము వచ్చెను. మురుగునీటి పైపులలోను, గోనెగుడారములలోను కాపురమున్నవారికి మంచినీరు లేదు, వాంతిభేది చెలరేగెను. నరములోనికెక్కించు సెలైను నిలువలు తరిగిపోగా, శిబిరములలో ఆ జబ్బు పడినవారిలో నూటికి ముప్పదిమంది వఱకు చచ్చుచుండిరి. సరిహద్దునందలి బన్‌గావ్ ఆసుపత్రిలో దిలీప్ మహలనబీస్ గారు మోకాళ్లపై కూర్చుండి నేలపై పడియున్న రోగులకు వైద్యము చేయవలసివచ్చెను. గ్లూకోజు కలిసిన ఉప్పునీటిని చిన్నప్రేగులు పీల్చుకొనునని అంతకుముందే ఢాకా, కలకత్తాలలోని పరిశోధకులు కనిపెట్టియుండిరి. మహలనబీస్ గారు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున పొట్లములు కట్టించి, పీపాలలో కలిపించి, దానిని త్రాగించు పనిని రోగుల తల్లులకును బంధువులకును అప్పగించిరి. సుమారు రెండు మాసములలో మూడువేల యేడువందలకు పైగా రోగులు ఆ వైద్యమునకు లోనైరి. మరణములు నూటికి నాలుగింటికి లోపలికి దిగెను. 1978లో లాన్సెట్ అను వైద్యపత్రిక దీనిని ఆ శతాబ్దపు మహత్తర వైద్యలాభము కాదగినదని ప్రశంసించెను. నేడు మన యిండ్లలో బిడ్డకు విరేచనములు పట్టగానే కలుపు పొట్లము ప్రపంచమున వ్యాపించుటకు ఆ శిబిరపు నేలయే గట్టి సాక్ష్యమిచ్చినది.

ఈ కథలో రెండు విషయములు కలవు. రోగమునకు మూలము శిబిరపు నీరు; వచ్చినవారి రక్తము గాని, వారి యాచారము గాని కాదు. రోగమును మాన్పిన చేతులలో కాందిశీకుల చేతులును కలవు. తల్లిని ప్రక్కకు నెట్టక ఆమె చేతికి గిన్నె నిచ్చిన వైద్యుడు బిడ్డను బ్రతికించుటయే కాక, ఆమెకు చేయదగిన పనిని చూపెను.

మనస్సునకు అట్టి పొట్లము లేదు. అయినను ఆ వైపునను విజ్ఞానము కొంత దూరము నడచినది. 2005లో పోర్టరు, హాస్లం అను నిద్దఱు పండితులు వివిధ దేశములలో జరిగిన 56 పరిశోధనలను, అందు ఇరువదిరెండు వేలమందికి పైబడిన కాందిశీకుల వృత్తాంతములను కలిపి పరిశీలించిరి. స్వంతమైన నిలుకడగల నివాసము లేక సామూహిక వసతులలో నున్నవారికిని, సంపాదించు అవకాశము లేనివారికిని, స్వదేశమునకు త్రిప్పిపంపబడినవారికిని మనోవ్యాధి హెచ్చుగ కానవచ్చెను. పూర్వము కలిగినవారును, చదువుకొన్నవారును ఎక్కువగ క్రుంగిరి. పోగొట్టుకొన్న గౌరవము వారికి పెద్దది గనుక. ఆస్ట్రేలియాలో సైలోవ్ గారును వారి తోడివారును 1990 తరువాత శరణార్థులను పరీక్షించి, పని చేయ ననుమతి లేకుండుట, దరఖాస్తునకు జవాబు రాకుండుట, త్రిప్పిపంపుదురను భయము, ఒంటరితనము అనునవి పాత గాయములపై క్రొత్త గాయములగునని చూపిరి. చూచిన దారుణమును వైద్యుడు తుడిచివేయలేడు. ఈ క్రొత్త గాయములను మాన్పుటకు వైద్యుడు కూడ అక్కఱలేదు. చేర్చుకొనిన దేశము తన నడవడి మార్చుకొనిన చాలును.

2024 చివరి లెక్కలలో ప్రపంచమున బలవంతముగ ఇండ్లు విడిచినవారు పండ్రెండు కోట్లకు పైబడిరి. మన దేశము 1951 నాటి కాందిశీకుల ఒడంబడికపై సంతకము చేయలేదు. కావున ఒక్కొక్క జనమునకు ఒక్కొక్క తీరున మర్యాద జరుగుచున్నది. తెలంగాణములో కాగజ్‌నగరు ప్రాంతమునను, మల్కాన్‌గిరిలోను తూర్పు బెంగాలు కుటుంబములు నేటికిని మన పొరుగున కాపురమున్నవి. అతిథిని పూజించుట మన ధర్మమని మనము గర్వింతుము. అతిథి ఒకపూట యుండి తన యింటికి పోవువాడు. వానికి పీట వేసి వడ్డించిన చాలును. పోవుటకు ఇల్లు లేనివానిని అతిథిగనే యుంచుట వానిని చంపుటతో సమానము. వానికి కావలసినది పీట కాదు, పొయ్యి.

కాబట్టి ఎక్కడనుండియైనను నిలువ నీడలేక వచ్చినవారు మన పట్టణమున దిగినప్పుడు పాతబట్టలు పంచి తృప్తిపడవలదని చదువరులను ప్రార్థించుచున్నాము. వారి బిడ్డలను మన బిడ్డల బడిలో చేర్చుకొనుటకు పట్టుబట్టుడు. కుట్టు వచ్చినవానికి కుట్టుపనిని, పంతులునకు పంతులు పనిని వెదకి చూపుడు. వారి స్త్రీలతో కూర్చుండి మాటాడుడు. ఒళ్లు నొప్పులని వారు చెప్పిన చోట మనోవ్యథ యున్నదేమో వినుడు. వారి నీటిబావిని మన బావివలె శుభ్రముగ నుంచుమని పురపాలకులను అడుగుడు. వారిని గూర్చి నిర్ణయించు సభలో వారిలో నొకరికి కుర్చీ వేయించుడు. ఏ దిక్కునకు పోదునని అడుగుచు వచ్చినవానికి, "ఎక్కడికిని పోనక్కఱలేదు, ఇక్కడ నీకు పని యున్నది" అని చెప్పగలిగిననాడు వాని వ్యాధిలో పెద్దభాగము నయమగును.